రాలకుండా ఆగిన జుట్టే మందు ఫలితం

మాడు మీద జుట్టు పలచబడుతున్న చోట అంగుళం వ్యాసంతో ఒక వృత్తం. అందులో ఎన్ని వెంట్రుకలు ఉన్నాయో ఫొటో తీసి లెక్కపెట్టారు. ఫినాస్టెరైడ్ అనే మాత్ర పురుషుల బట్టతలకు పనిచేస్తుందా లేదా అని తేల్చడానికి 1990లలో జరిగిన ప్రధాన పరీక్షల్లో కొలమానం ఇదే. 18 నుంచి 41 ఏళ్ల వయసున్న 1,553 మంది వాటిలో పాల్గొన్నారు. మొదట్లో ఆ చిన్న వృత్తంలో సగటున 876 వెంట్రుకలు ఉండేవి. పరీక్షలో ఐదేళ్ల వరకు కొనసాగినవారిని చూస్తే, మందు వాడినవారికి మొదటి లెక్క కంటే పెరిగినవి 38 వెంట్రుకలు మాత్రమే.

ఈ ఒక్క అంకె చూస్తే ఎవరికైనా నిరాశ కలుగుతుంది. ఐదేళ్లపాటు రోజూ మాత్ర వేసుకున్నందుకు దక్కింది అద్దంలో ఆనవాలు కూడా దొరకని పెరుగుదల. అయితే అదే ఐదేళ్లలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారు అంతే వైశాల్యంలో సగటున 239 వెంట్రుకలు కోల్పోయారు. రెండు బృందాల మధ్య తేడా 277. మందు చేసిన పని అంతా ఆ తేడాలోనే ఉంది. జుట్టు మందుల గురించిన అపోహలు చాలావరకు ఇక్కడే పుడతాయి. వాడేవారు నిరుటి తలతో ఈనాటి తలను పోల్చుకుంటారు. పోల్చవలసింది మందు వాడకపోయి ఉంటే ఈనాడు ఎలా ఉండేదో ఆ తలతో. దాన్ని చూపించే అద్దం లేదు. అందువల్లే చక్కగా పనిచేస్తున్న మందును దండగని మానేసేవారు ఉన్నారు. ఏ పనీ చేయని నూనెను వేనోళ్ల పొగిడేవారూ ఉన్నారు.

ఆ పొగడ్త వెనుక ఉన్న సంగతి అర్థం కావాలంటే వెంట్రుక జీవితం కొంత తెలియాలి. తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ప్రతి కుదురుకూ తనదైన కాలచక్రం ఉంది. రెండు నుంచి ఆరేళ్లు వెంట్రుక పెరుగుతుంది, రెండు మూడు వారాల్లో ఆ పెరుగుదల ముగింపుకు వస్తుంది, తరువాత దాదాపు మూడు నెలలు కుదురు విశ్రాంతి తీసుకుంటుంది. ఆపైన పాత వెంట్రుక ఊడి కొత్తది మొలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న తల నుంచి కూడా రోజుకు 50 నుంచి 100 వరకు రాలడం ఈ చక్రంలో భాగమే. తీవ్రమైన జ్వరం, ప్రసవం, పెద్ద శస్త్రచికిత్స, ఒక్కసారిగా బరువు తగ్గడం వంటివి జరిగినప్పుడు పెరుగుతున్న కుదుళ్లలో చాలా భాగం ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. రెండు మూడు నెలల తరువాత దువ్వెనకు గుప్పెళ్ల కొద్దీ జుట్టు వస్తుంది. చూసినవారికి గుండె ఆగినంత పనవుతుంది. కానీ కుదుళ్లకు ఏ నష్టమూ జరగదు. కారణం తొలగిపోతే సాధారణంగా ఆరు నెలల లోపు రాలడం దానంతట అదే తగ్గి, జుట్టు తిరిగి వస్తుంది.

భయపడిన మనిషి ఈ ఆరు నెలలూ ఊరికే కూర్చోడు. ఏదో ఒక నూనె, షాంపూ, మాత్రల డబ్బా కొంటాడు. తగ్గవలసిన సమయానికి రాలడం తగ్గుతుంది, కీర్తి డబ్బాకు దక్కుతుంది. నిజాయితీగా చెప్పిన అనుభవమే అయినా అది మందు పనితనానికి సాక్ష్యం కాకపోవడానికి కారణం ఇదే. ఇలా రాలుతున్నప్పుడు రక్తంలో ఇనుము తగ్గిందా, థైరాయిడ్ సరిగా ఉందా అని చూసి, లోపం ఉంటే దాన్ని సరిచేయడమే అసలైన చికిత్స. బయోటిన్ మాత్రల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బయోటిన్ లోపం ఉన్నవారికి అవి మేలు చేస్తాయి, కానీ ఆ లోపం చాలా అరుదు. పైగా ఎక్కువ మోతాదులో వాడితే కొన్ని రక్తపరీక్షల ఫలితాలు తారుమారవుతాయి. గుండెపోటును పసిగట్టే ట్రోపోనిన్ పరీక్ష వాటిలో ఒకటి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీనిపై హెచ్చరిక జారీ చేసింది. జుట్టు కోసం వేసుకున్న విటమిన్ గుండె జబ్బును దాచిపెట్టే పరిస్థితి రావడం చిన్న విషయం కాదు.

వంశపారంపర్యంగా వచ్చే బట్టతల కథ వేరు. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, యవ్వనానికి ముందే వృషణాలు కోల్పోయినవారికి బట్టతల రాదని, వారికి పురుష హార్మోను అయిన టెస్టోస్టెరాన్ ఇస్తే మాత్రం బట్టతల వచ్చే కుటుంబాలవారిలో జుట్టు ఊడటం మొదలవుతుందని చూపించారు. అంటే వంశం ఒక్కటే చాలదు, హార్మోను ఒక్కటే చాలదు, రెండూ కలవాలి. 1974లో మరో కీలకమైన ఆధారం దొరికింది. డొమినికన్ రిపబ్లిక్‌లో కొన్ని కుటుంబాల్లోని అబ్బాయిలకు టెస్టోస్టెరాన్‌ను డీహైడ్రోటెస్టోస్టెరాన్‌గా మార్చే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిందని జూలియన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ బృందం ప్రకటించింది. వారు పెద్దయ్యాక కూడా ప్రోస్టేట్ గ్రంథి చిన్నదిగానే ఉండిపోయింది, తల మీద జుట్టు వెనక్కి తగ్గలేదు. ప్రకృతి తానే చేసి చూపిన ఈ ప్రయోగం నుంచే, ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే ఫినాస్టెరైడ్ ఆలోచన పుట్టింది. మొదట 1992లో ప్రోస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాముల మాత్రగానూ, 1997లో బట్టతలకు 1 మిల్లీగ్రాము మాత్రగానూ అమెరికాలో దానికి అనుమతి వచ్చింది.

డీహైడ్రోటెస్టోస్టెరాన్ ప్రభావానికి లోనయ్యే కుదుళ్లు ఒక్కసారిగా చావవు. ప్రతి చక్రంలోనూ పెరిగే కాలం కుంచించుకుపోతుంది, కుదురు చిన్నదవుతుంది, మందమైన నల్లని వెంట్రుక స్థానంలో సన్నని నూగు మిగులుతుంది. తల వెనక భాగంలోని కుదుళ్లు ఈ హార్మోనుకు లొంగవు కాబట్టి అక్కడి జుట్టు చివరి వరకు నిలుస్తుంది. ఫినాస్టెరైడ్ రక్తంలో ఆ హార్మోనును దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది. ఇంకా బతికి ఉన్న కుదుళ్లకు ఊపిరి పీల్చుకునే వీలు దొరుకుతుంది. నూగుగా మారి ఎక్కువ కాలం కాని చోట వెంట్రుకలు మళ్లీ కాస్త మందమవుతాయి. ఏళ్ల తరబడి నున్నగా మెరుస్తున్న చోట మాత్రం ఏ మందూ అడవిని మొలిపించలేదు. మందు ఎంత బలమైనది అన్న ప్రశ్న కంటే ఎప్పుడు మొదలుపెట్టారన్న ప్రశ్నే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. జుట్టు ఇంకా బాగానే ఉన్నప్పుడు మందు అవసరం అనిపించదు, అవసరం అనిపించే నాటికి చాలా కుదుళ్లు చేయి దాటిపోయి ఉంటాయి.

మొదట చెప్పిన పరీక్షల్లో ఐదేళ్ల చివర ఫొటోలను నిపుణులు పరిశీలించారు. ఎవరు ఏ మాత్ర వేసుకున్నారో వారికి తెలియదు. ఫినాస్టెరైడ్ వాడినవారిలో 48 శాతం మందికి జుట్టు మెరుగైంది, 42 శాతం మందికి ఉన్నది ఉన్నట్టుగా నిలిచింది. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 75 శాతం మందికి తగ్గింది. నిలిచింది అన్న మాటను చప్పగా కొట్టిపారేయడం పొరపాటు. అది లేకపోతే ఆ స్థానంలో వచ్చేది నష్టమే. మాడు మీద కనిపించినంత స్పష్టమైన ఫలితం నుదుటి అంచున, కణతల దగ్గర కనిపించదు. ఏడాది పూర్తి కాకముందే తీర్పు చెప్పడం కూడా సరికాదు, ఎందుకంటే వెంట్రుక నెలకు పెరిగేదే సుమారు ఒక సెంటీమీటరు.

దుష్ప్రభావాల విషయంలో రెండు వైపులా అతిగా మాట్లాడేవారు ఉన్నారు. అనుమతికి ముందు జరిగిన పరీక్షల్లో లైంగిక సమస్యలు మందు వాడినవారిలో 3.8 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 2.1 శాతం మందికి కనిపించాయి. చాలామందిలో మందు ఆపితే తగ్గాయి. ఇటలీలో ప్రోస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాముల ఫినాస్టెరైడ్ వాడిన 107 మందిపై జరిగిన ఒక అధ్యయనం మరో కోణాన్ని చూపించింది. లైంగిక సమస్యలు రావచ్చని ముందే చెప్పిన బృందంలో దాదాపు 44 శాతం మంది, చెప్పని బృందంలో 15 శాతం మంది ఆ సమస్యలు వచ్చాయన్నారు. భయానికి శరీరంపై అంత పట్టు ఉంది. ఇంతటితో బాధలన్నీ ఊహలేనని తేల్చేయడం మాత్రం అన్యాయం. మందు ఆపిన తరువాత కూడా నెలల తరబడి లైంగిక సమస్యలు, మనోవ్యాకులత కొనసాగాయని చెప్పినవారు పలు దేశాల్లో ఉన్నారు. ఫినాస్టెరైడ్ మాత్రల వల్ల ఆత్మహత్య ఆలోచనలు కలగడాన్ని దుష్ప్రభావంగా ఐరోపా ఔషధ సంస్థ భద్రతా కమిటీ 2025 మేలో నిర్ధారించింది. ఇలాంటి నివేదికల్లో ఎక్కువ భాగం బట్టతలకు వాడే 1 మిల్లీగ్రాము మాత్రకు సంబంధించినవే. కుంగుబాటు చరిత్ర ఉన్నవారు ఈ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. వాడుతుండగా మనసు అకారణంగా బరువెక్కితే మందు ఆపి వెంటనే వైద్యుడిని కలవాలి. జుట్టు ఎంత ముఖ్యమైనా ప్రాణం తరువాతే.

మరో రెండు విషయాలు తరచూ మరుగున పడుతుంటాయి. ఈ మందు ప్రోస్టేట్ క్యాన్సర్ పరీక్షలో చూసే పీఎస్‌ఏ విలువను దాదాపు సగానికి తగ్గిస్తుంది, కాబట్టి పరీక్ష చేయించుకునేటప్పుడు మందు వాడుతున్నట్టు చెప్పకపోతే ప్రమాద సూచిక కనిపించకుండా పోవచ్చు. ఇక గర్భిణులు పగిలిన లేదా పొడి చేసిన మాత్రలను తాకకూడదు, కడుపులోని మగ శిశువు జననాంగాల ఎదుగుదల దెబ్బతినే అవకాశం ఉంది.

డ్యూటాస్టెరైడ్ అనే మందు ఇదే దారిలో మరింత దూరం వెళుతుంది. హార్మోనును తయారుచేసే ఎంజైమ్ రెండు రకాలు. ఫినాస్టెరైడ్ ప్రధానంగా ఒకదాన్ని, డ్యూటాస్టెరైడ్ రెండింటినీ అడ్డుకుంటుంది. రక్తంలో హార్మోను 90 శాతానికి పైగా తగ్గుతుంది. 917 మందితో జరిగిన ఒక పరీక్షలో ఆరు నెలల్లో వెంట్రుకల లెక్కలో ఇది ఫినాస్టెరైడ్‌ను మించింది. దక్షిణ కొరియా, జపాన్ దేశాలు దీన్ని బట్టతలకు ఆమోదించాయి. అమెరికాలో ఆ అనుమతి ప్రోస్టేట్‌కే పరిమితం. ఫినాస్టెరైడ్ రక్తం నుంచి గంటల్లో వెళ్లిపోతే, డ్యూటాస్టెరైడ్ సగానికి తగ్గడానికే దాదాపు ఐదు వారాలు పడుతుంది. దుష్ప్రభావం వస్తే అది కూడా త్వరగా వదలదన్నమాట.

మినాక్సిడిల్‌కు హార్మోనుతో పని లేదు. రక్తపోటు బాగా ఎక్కువగా ఉన్నవారికి ఇచ్చే మాత్రగా 1979లో అమెరికాలో అది వచ్చింది. వాడినవారికి ముఖం మీద, చేతుల మీద కోరుకోని వెంట్రుకలు మొలిచాయి. ఆ దుష్ప్రభావాన్నే చికిత్సగా మలిచి, 1988లో 2 శాతం ద్రావణాన్ని తలకు రాసుకునే మందుగా ఆమోదించారు. విశ్రాంతిలో ఉన్న కుదుళ్లను అది తొందరగా లేపి పెరిగే దశలోకి పంపుతుంది. ఈ లేపడంలోనే ఒక ఇబ్బంది ఉంది. కొత్త వెంట్రుక తోసుకు రావాలంటే అంతవరకు పట్టుకుని ఉన్న పాతది ఊడాలి. అందుకని మొదలుపెట్టిన కొన్ని వారాల్లో జుట్టు రాలడం ఎక్కువవుతుంది. ముందుగా చెప్పేవారు లేక, మందు వికటించిందని బెదిరి, అది పని మొదలుపెట్టిన సమయంలోనే పారేసినవారు ఎందరో. ఒక్క మాటతో తప్పించగల నష్టం ఇది.

393 మంది పురుషులతో 48 వారాలపాటు జరిగిన పరీక్షలో 5 శాతం ద్రావణం 2 శాతం ద్రావణం కంటే 45 శాతం ఎక్కువ జుట్టును తిరిగి మొలిపించింది. అయినా అందరి తలలూ ఒకేలా స్పందించవు. మినాక్సిడిల్ తానుగా పనిచేయదు, కుదురులోని ఒక ఎంజైమ్ దాన్ని సల్ఫేట్ రూపంలోకి మార్చాలి. ఆ ఎంజైమ్ చురుకుదనం మనిషి మనిషికీ మారుతుంది. ఒకరికి అద్భుతంగా పనిచేసిన సీసా మరొకరికి నీళ్లతో సమానం కావడానికి ఇదొక ముఖ్య కారణం. ఆపేస్తే మూడు నాలుగు నెలల్లో సంపాదించినదంతా పోతుంది. ఇంట్లో పిల్లి ఉంటే చాలా జాగ్రత్తగా ఉండాలి. రాసుకున్న తలను, తలగడను నాకినా దాని ప్రాణానికి ముప్పు.

రోజూ రాసుకోవడం జిడ్డుగా, విసుగ్గా ఉండటంతో ఇటీవల చిన్న మోతాదు మినాక్సిడిల్ మాత్రల వైపు చాలామంది వైద్యులు మొగ్గుతున్నారు. 1,404 మంది రోగుల వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనంలో దాదాపు 15 శాతం మందికి ఇతర చోట్ల వెంట్రుకలు పెరిగాయి, దుష్ప్రభావాల వల్ల మందు మానినవారు 2 శాతం లోపే. కాళ్ల వాపు, గుండె దడ, తల తిరగడం వంటివి కొందరిలో రావచ్చు కాబట్టి గుండె జబ్బు ఉన్నవారు సొంత నిర్ణయంతో వాడకూడదు. మాత్ర అంటే బలమైనదనే నమ్మకం సహజమే గానీ, బ్రెజిల్‌లో పురుషులపై జరిగి 2024లో వెలువడిన పరీక్షలో రోజుకు 5 మిల్లీగ్రాముల మాత్ర, రెండు పూటలా రాసుకునే 5 శాతం ద్రావణాన్ని మించలేకపోయింది. మాత్ర వల్ల కలిగే అసలు లాభం సౌకర్యం. రాసుకోవడం మధ్యలో మానేసేవారికి ఆ సౌకర్యమే ఫలితాన్ని మార్చేస్తుంది. ఫినాస్టెరైడ్, మినాక్సిడిల్ రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి కాబట్టి, రెండూ కలిపి వాడినప్పుడు ఏ ఒక్కదానికన్నా మెరుగైన ఫలితం వస్తోంది.

స్త్రీలలో జుట్టు సాధారణంగా పాపిడి వెంట పలచబడుతుంది, నుదుటి అంచు నిలిచే ఉంటుంది. వారికి మొదటి ఆధారం మినాక్సిడిలే. రుతుక్రమం ఆగిన 137 మంది స్త్రీలకు ఏడాదిపాటు 1 మిల్లీగ్రాము ఫినాస్టెరైడ్ ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే మేలేమీ కనిపించలేదు. పురుషులకు పనిచేసిందే స్త్రీలకూ పనిచేస్తుందనే ఊహ అక్కడ తేలిపోయింది. హార్మోను ప్రభావాన్ని తగ్గించే స్పైరనోలాక్టోన్‌ను వైద్యులు కొందరికి ఇస్తారు. దానికి ఉన్న ఆధారాలు పురుషుల మందులకు ఉన్నంత గట్టివి కావు. జుట్టు పలచబడిన స్త్రీ పడే వేదన పురుషుడి కంటే తక్కువేమీ కాదు, సమాజం చూసే చూపు ఇంకా కఠినం. అయినా వారికోసం జరిగిన పెద్ద పరీక్షలు తక్కువ కావడం వైద్య పరిశోధన తీర్చవలసిన బాకీ.

పేనుకొరుకుడు విషయంలో ఈ దశాబ్దంలో నిజమైన మార్పు వచ్చింది. పేరులో పేను ఉన్నా దానికి ఏ పురుగుతోనూ సంబంధం లేదు. శరీర రక్షణ వ్యవస్థ తన కుదుళ్లనే శత్రువులుగా భావించి దాడి చేయడం వల్ల నాణెమంత మచ్చలుగా జుట్టు ఊడుతుంది. చిన్న మచ్చలైతే చాలామందికి ఏడాదిలో దానంతట అదే తిరిగి వస్తుంది, లేదా మచ్చలో స్టెరాయిడ్ సూదిమందు వేస్తారు. తలంతా ఊడినవారికి మాత్రం చాలాకాలం గట్టి దారి లేదు. 2022 జూన్‌లో బారిసిటినిబ్‌కు, 2023లో పన్నెండేళ్లు దాటినవారికి వాడదగిన రిట్లెసిటినిబ్‌కు, 2024లో డ్యూరుక్సోలిటినిబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. కణాల లోపల దాడి సంకేతాన్ని మోసే జాక్ ఎంజైమ్‌లను ఇవి అడ్డుకుంటాయి. తల మీద కనీసం సగం జుట్టు కోల్పోయిన 1,200 మందితో బారిసిటినిబ్‌ను పరీక్షించారు. 36 వారాల్లో 4 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్న ప్రతి వందమందిలో 36 నుంచి 39 మందికి తల మీద 80 శాతానికి పైగా జుట్టు వచ్చింది. ఉత్తుత్తి మాత్రతో అలా వచ్చింది వందకు మూడు నుంచి ఆరుగురికే. కనుబొమలు, రెప్పల వెంట్రుకలు కూడా తిరిగి వచ్చినవారు ఉన్నారు. అద్దంలో తన ముఖం తనకు మళ్లీ దక్కడం ఎంతటి ఊరటో వారికే తెలుసు.

వందలో అరవై మందికి పైగా ఆ స్థాయికి చేరలేదన్నది కూడా అంతే నిజం. జబ్బు ఏళ్ల తరబడి నడిచినవారిలో, జుట్టు పూర్తిగా పోయినవారిలో ఫలితం తగ్గుతుంది. ఆపేస్తే ఎక్కువమందికి తిరగబెడుతుంది. ఈ తరగతి మందులపై తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం, గుండె సమస్యలు, క్యాన్సర్ల గురించి నియంత్రణ సంస్థ పెట్టించిన అత్యంత గట్టి హెచ్చరిక ఉంటుంది. చిన్న మచ్చ కోసం తీసుకోవలసిన సాహసం కాదు అది.

మందు చేతికి అస్సలు అందనిది కుదుళ్లు మచ్చకట్టి పూడిపోయే రకం. లైకెన్ ప్లానోపైలారిస్ వంటి జబ్బుల్లో మాడు మంటగా, దురదగా, నొప్పిగా ఉంటుంది, వెంట్రుకలు మొలిచే రంధ్రాలే కనుమరుగవుతాయి. అక్కడ మందులు మంటను ఆపి మిగిలినదాన్ని కాపాడతాయి, పోయినదాన్ని తేలేవు. జుట్టు రాలడంతోపాటు మంట గాని నొప్పి గాని ఉంటే, దుకాణంలో దొరికే ద్రావణం రాసుకుంటూ నెలలు గడపకుండా నేరుగా చర్మవైద్యుడి దగ్గరకు వెళ్లాలి. ఈ ఒక్క రకంలో వారాలు కూడా లెక్కకు వస్తాయి.

వెంట్రుకలను లెక్కించే అధ్యయనాల్లో ప్రతిసారీ అదే చోటును గుర్తించడానికి మాడు మీద చిన్న పచ్చబొట్టు చుక్క పెడతారు. ఇంట్లో అంత అవసరం లేదు. మందు మొదలుపెట్టిన రోజున ఒకే దీపం కింద, పొడి జుట్టుతో, అదే పాపిడి తీసి మాడును, నుదుటిని ఫొటో తీసుకోవాలి. మూడు నెలలకొకసారి అలాగే తీస్తూ, పన్నెండో నెలలో మొదటి ఫొటోను చివరి ఫొటో పక్కన పెట్టి చూడాలి. రెండూ ఒకేలా ఉంటే, ఏటా పలచబడుతూ వచ్చిన తలకు ఆ ఏడాది మందు పనిచేసినట్టే.